మీకు తెలుసా? బస్తాలు మోసే నడుముకూ కసరత్తు కావాలి

రైతులు వాడే యూరియా బస్తా 2018 దాకా 50 కిలోలుండేది. ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వం దాన్ని 45 కిలోలకు తగ్గించింది. ఎకరాకు ఇన్ని బస్తాలని లెక్కపెట్టి చల్లే అలవాటు మనది కాబట్టి, బస్తా చిన్నదైతే ఎరువు వాడకం కూడా తగ్గుతుందన్నది సర్కారు ఆలోచన. మోసేవాడి నడుము గురించి ఆలోచించి చేసింది కాదు. అయినా జహీరాబాద్‌లో ఎరువుల లారీ ఖాళీ చేసే హమాలీకి బస్తాకు 5 కిలోల భారం తప్పింది. రోజుకు రెండు వందల బస్తాలు దించితే టన్ను బరువు తక్కువ మోసినట్టు.

సిమెంటు బస్తా మాత్రం ఇప్పటికీ 50 కిలోలే. కొనుగోలు కేంద్రాల్లో వడ్ల బస్తా 40 కిలోలు. ఇంట్లో వాడే గ్యాస్ సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలే కానీ, ఇనుము బరువు కలిపితే 30 కిలోల దాకా తూగుతుంది. జహీరాబాద్ చుట్టుపక్కల పండేవి చెరుకు, అల్లం, ఆలుగడ్డ, కంది, పత్తి. వీటిలో ఏదీ మోయకుండా, ఎత్తకుండా ఇంటికి గానీ మార్కెట్‌కు గానీ చేరదు. బరువుతో బతికే ఇలాంటి ఊళ్లో బరువెలా ఎత్తాలో ఎవరూ నేర్పరు. నడుం పట్టేశాక మాత్రం అందరూ సలహాలు చెబుతారు.

మనిషి ఎంత మోయొచ్చు?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఈ విషయం మీదే 127వ నంబరు ఒప్పందం తెచ్చింది. మనిషి ఆరోగ్యానికి చేటు చేసేంత బరువు మోయించకూడదని దాని సారాంశం. దాంతోపాటు వచ్చిన సిఫారసులో వయసొచ్చిన మగవాడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని ఉంది. ఆడవాళ్లకైతే అంతకన్నా బాగా తక్కువ ఉండాలంది. భారతదేశం ఆ ఒప్పందాన్ని 2010లో ఆమోదించింది.

అమెరికాలో వృత్తి భద్రత మీద పరిశోధన చేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ 1991లో ఇంకో లెక్క కట్టింది. అన్నీ అనుకూలంగా ఉంటే చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలేనంది. అన్నీ అనుకూలమంటే బరువు ఒంటికి దగ్గరగా, అంటే చీలమండల నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. చేతులు కిందికి వదిలితే పిడికిలి ఉండే ఎత్తులో, నేల నుంచి 75 సెంటీమీటర్ల మీద ఉండాలి. ఒళ్లు మెలితిప్పకూడదు. పట్టు బాగా దొరకాలి. మాటిమాటికీ ఎత్తకూడదు.

వీటిలో ఒక్కొక్కటి తప్పేకొద్దీ 23 తరుగుతూ పోతుంది. బరువు 25 కాకుండా 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పరిమితి సగానికి, పదకొండున్నర కిలోలకు పడిపోతుంది. అదే బరువును నేల మీద నుంచి ఎత్తాల్సి వస్తే 9 కిలోల లోపుకు వస్తుంది. పక్కకు పూర్తిగా తిరిగి ఎత్తితే అందులోనూ ఇంకో మూడో వంతు దాకా పోతుంది. ట్రాలీ అంచు మీద నుంచి వంగి, చేతులు చాచి, అవతలి మూలనున్న ఆలుగడ్డ సంచిని లాగి పక్కకు తిప్పి దించడం మన దగ్గర రోజూ చూసేదే. ఆ సంచి బరువెంతో ఒక్కసారి ఈ లెక్క పక్కన పెట్టి చూడండి.

ఇది రోజంతా చేసే పనికి కట్టిన లెక్క. చాలామంది ఒంటికి హాని జరగకూడదని జాగ్రత్తపడి కట్టింది. వారానికి రెండుసార్లు కాసేపు ఎత్తే కసరత్తుకు ఇది వర్తించదు. అయినా కసరత్తు చేసేవాళ్లు కూడా ఇందులోంచి ఒక్క మాట పట్టుకోవాలి. బరువెంత ఉందో చూసుకున్నట్టే, అది మీకెంత దూరంలో ఉందో కూడా చూసుకోవాలి.

డిస్కులో ఎంత ఒత్తిడి?

1999లో జర్మనీ పరిశోధకులు ఒక వ్యక్తి నడుములోని డిస్కులో సన్నని కొలత పరికరం అమర్చి, రకరకాల పనులు చేయిస్తూ ఒత్తిడి కొలిచారు. ఊరికే నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ ఉంది. వీపు గుండ్రంగా వంచి 20 కిలోలు ఎత్తినప్పుడు 2.3కు ఎగబాకింది. మోకాళ్లు వంచి ఎత్తితే 1.7 అయింది. అవే 20 కిలోలను ఒంటికి దగ్గరగా పట్టుకున్నప్పుడు 1.1 మాత్రమే ఉంది. కొలిచింది ఒక్క మనిషిలోనే అయినా తేడా ఎటువైపుందో తేటతెల్లమే. మోకాళ్లు వంచు, మోకాళ్లు వంచు అని అందరూ చెబుతారు. దగ్గరగా పట్టుకో అని చెప్పేవాళ్లు తక్కువ. నన్నడిగితే రెండోదే ముందు చెప్పాల్సిన మాట.

బెల్టు పెట్టుకుంటే సరిపోతుందా?

సరిపోదు. నడుం నొప్పి లేనివాళ్లకు పనిలో బెల్టు పెట్టుకోవడం వల్ల గాయాలు తగ్గుతాయని ఆధారాల్లేవని నియోష్ 1994లోనే చెప్పింది. తర్వాత పెద్ద దుకాణాల్లో పనిచేసే తొమ్మిది వేల మందికి పైగా ఉద్యోగుల మీద అధ్యయనం చేసి 2000లో ఫలితాలు ప్రకటించింది. బెల్టు పెట్టుకున్నవాళ్లకూ పెట్టుకోనివాళ్లకూ నడుం నొప్పిలో తేడా కనిపించలేదు. జిమ్‌లో బాగా భారీ బరువులెత్తే పోటీదారులు పొట్ట కండరాల్ని బిగించి తోయడానికి ఆనుగా బెల్టు వాడతారు. ఆ అవసరం వేరు. కొత్తగా మొదలుపెట్టిన కుర్రాడు బెల్టు కొనే డబ్బుతో నెల రోజులు గుడ్లు తినడం మేలు.

మల్లీశ్వరి ఆఖరి ఎత్తు

2000 సెప్టెంబరు 19. సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదలు. 69 కిలోల విభాగంలో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తింది. స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరి మొత్తం 242.5 కిలోలు. మొదటి స్థానానికీ మూడో స్థానానికీ మధ్య తేడా రెండున్నర కిలోలే. మన దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళగా ఆమె పేరు నిలిచిపోయింది.

ఆమె చివరి ప్రయత్నం గురించి చాలామందికి తెలియదు. 130 ఎత్తాక స్వర్ణం కోసం బార్ మీద ఒకేసారి 137.5 పెట్టించారు. ఏడున్నర కిలోల పెంపు. అది నిలవలేదు. అప్పటికే రెండుసార్లు ప్రపంచ విజేతగా నిలిచి, చిన్నప్పుడు కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర మొదలుపెట్టి ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషికే ఆ పెంపు అందలేదు. ఆమెది ఒలింపిక్ వేదిక, స్వర్ణం కోసం అంత తెగించాల్సిందే. మన వీధి జిమ్‌లో అలాంటి అవసరమేదీ లేదు. పక్కవాడు 60 ఎత్తాడని 40 నుంచి ఒకేసారి 60కి దూకే కుర్రాళ్లను చూస్తే నాకు ఆ ఏడున్నర కిలోలే గుర్తొస్తాయి. అనుకున్న లెక్కకంటే ఒకటి రెండుసార్లు ఎక్కువ ఎత్తగలిగిన రోజున 2 నుంచి 10 శాతం పెంచమంటుంది అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్. చిన్న కండరాలకు 2 శాతం, తొడల్లాంటి పెద్ద కండరాలకు 10 శాతానికి దగ్గరగా. 40 కిలోలెత్తేవాళ్లకు రెండు, మూడు కిలోలు. అంతే.

పది చొప్పున మూడు వరసలు ఎక్కడివి?

ఏ జిమ్‌కెళ్లినా "పది చొప్పున మూడు సెట్లు కొట్టు" అంటారు. ఈ లెక్క పుట్టింది ఆసుపత్రిలో. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి చికాగోలోని గార్డినర్ జనరల్ ఆసుపత్రికి చేరిన సైనికులకు మోకాళ్లు ఎంతకీ బాగుపడేవి కావు. అప్పట్లో తేలిక బరువులతో వందలసార్లు కదిలించడమే వైద్యం. థామస్ డీలార్మ్ అనే సైనిక వైద్యుడు దాన్ని తిరగేశాడు. బరువు పెంచి సంఖ్య తగ్గించాడు. కండ బలపడేకొద్దీ బరువు పెంచుకుంటూ పోయాడు. 1945లో ఆ పద్ధతిని ప్రచురించాడు. 1948 నాటికి పదేసి చొప్పున మూడు వరసలు చాలని తేల్చాడు. అందులో మొదటి వరసకు సగం బరువు, రెండో వరసకు ముప్పావు, మూడోదానికి మాత్రమే పూర్తి బరువు. ఆ మొదటి రెండూ ఒంటిని వేడెక్కించడానికి. ఇవాళ చాలామంది మొదటి వరస నుంచే పూర్తి బరువు వేసుకుంటున్నారు.

చాకిరీ చేస్తే కసరత్తు చేసినట్టేనా?

"పొద్దంతా పొలంల పనిచేస్తం, మాకెందుకు కసరత్తు?" అని అడిగేవాళ్లు జహీరాబాద్ ప్రాంతంలో ఊరూరా ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. డెన్మార్క్ పరిశోధకులు ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశారు. ఖాళీ సమయంలో ఒళ్లు వంచేవాళ్లకు దక్కే మేలు, బతుకుదెరువు కోసం రోజంతా ఒళ్లు వంచేవాళ్లకు అదే తీరుగా దక్కడం లేదని వాళ్లు గమనించారు. కారణాలు వెతికితే మన కళ్ల ముందే ఉన్నాయి. కసరత్తులో బరువు మనం ఎంచుకుంటాం, చాకిరీలో బస్తా బరువు వేరేవాళ్లు ఖరారు చేస్తారు. కసరత్తులో అలసిపోతే ఆగుతాం, లారీ ఖాళీ అయ్యేదాకా హమాలీ ఆగలేడు. కసరత్తుకు మధ్యలో ఒకరోజు విరామం ఉంటుంది, చెరుకు నరికే కాలంలో విరామం లేదు. పైగా పనిలో ఒకే వైపు, ఒకే కదలిక. కుడి భుజం మీదే మోసేవాడికి ఎడమ భుజం బలపడదు. రోజంతా వంగి కలుపు తీసే ఆమెకు వెన్నును నిటారుగా నిలబెట్టే కండరాలు అలసిపోతాయే గానీ, వాటికి బలం రాదు.

అందుకే నేననేది, కసరత్తు అందరికన్నా ఎక్కువ కావాల్సింది కష్టం చేసేవాళ్లకే. పని రోజు సాయంత్రం ఇంకో గంట ఒళ్లు విరుచుకోమనడం లేదు. పని తక్కువున్న రోజున ఇరవై నిమిషాలు, పనిలో వాడని కండరాలకు కేటాయిస్తే చాలు. కండబలం పెంచే కసరత్తుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దలకు చెప్పింది వారానికి కనీసం రెండు రోజులే.

ఏవి ఎంచుకోవాలి?

జిమ్‌లో యంత్రాలు ఇరవై ఉండొచ్చు. ఒళ్లు చేసే కదలికలు మాత్రం ముఖ్యంగా ఐదు. కూర్చుని లేవడం, వంగి ఎత్తడం, తోయడం, లాగడం, మోసుకుంటూ నడవడం. ఈ ఐదూ ఉన్న కసరత్తు ఏదైనా మంచిదే. అద్దం ముందు కండలు చూసుకుంటూ చేతులకే అరగంట ఇచ్చి కాళ్లను వదిలేసేది ఎంత ఖరీదైన జిమ్‌లో చేసినా అరకొరే.

కూర్చుని లేవడం మన తాలీంలలో బైఠక్, జిమ్‌లో స్క్వాట్. మొదట అరుగు మీదో కుర్చీ మీదో కూర్చుని చేతులు ఆన్చకుండా లేవండి. మడమలు నేల వదలకూడదు, మోకాళ్లు లోపలికి ముడుచుకోకుండా కాలివేళ్ల వైపే పోవాలి. పన్నెండుసార్లు సులువుగా వస్తుంటే అప్పుడు ఛాతీకి ఆన్చి ఒక బరువు పట్టుకోండి.

వంగి ఎత్తడం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే నడుములు పోయేది ఇక్కడే. మనలో చాలామందిమి వంగమంటే నడుము వంచుతాం. వంగాల్సింది తుంటి దగ్గర. తేడా తెలియాలంటే పొలానికి పట్టుకెళ్లే కర్ర ఒకటి చాలు. దాన్ని వీపు మీద నిలువుగా పెట్టి, ఒక చేత్తో మెడ వెనక, ఇంకో చేత్తో నడుము వెనక పట్టుకోండి. కర్ర మూడుచోట్ల తగలాలి, తల వెనక, గూడల మధ్య, పిరుదుల పైన ఎముక దగ్గర. ఇప్పుడు మోకాళ్లు కొద్దిగా సడలించి, వెనక గోడ ఉందనుకుని పిరుదులతో దాన్ని తాకబోయినట్టు వెనక్కి జరుపుతూ వంగండి. మూడింటిలో ఏ ఒక్కచోట కర్ర ఒంటిని వదిలినా వీపు వంగినట్టే. వదలకుండా ఎంత వంగగలిగితే అంతే మీ హద్దు. తొడల వెనక లాగినట్టుంటే సరిగ్గా చేస్తున్నారు. నడుములో లాగుతుంటే తప్పు. కర్రతో ఇది ఒంటబట్టాకే చేతిలోకి బరువు రావాలి. డెడ్‌లిఫ్ట్ అనేది దీనికి బరువు తగిలించడం తప్ప వేరే ఏమీ కాదు.

తోయడానికి దండీలు ఉన్నాయి. నేల మీద రాకపోతే గోడకు, తర్వాత అరుగుకు, ఆ తర్వాత నేలకు. మోకాళ్లు ఆన్చి చేయడం చిన్నతనమేమీ కాదు.

లాగడం అందరూ మరిచిపోయేది. ఊళ్లలో చేదబావులున్నన్నాళ్లూ రోజూ నీళ్లు తోడిన చేతులకూ వీపుకూ ఆ పని దానంతటదే దొరికేది. బోర్లు, నల్లాలు వచ్చాక పోయింది. నీళ్లు సులువుగా దొరకడం మంచిదే, కానీ వీపు కండరాలకు బదులేదో వెతుక్కోవాలి. ఒక చెయ్యి బల్ల మీద ఆన్చి, ముందు చెప్పినట్టు తుంటి దగ్గర వంగి, రెండో చేత్తో సంచిని పక్కటెముకల దాకా లాగడం అందరికీ కుదిరేది.

ఇక ఐదోది మోసుకుంటూ నడవడం. రెండు చేతుల్లో రెండు నీళ్ల డబ్బాలు, తల పైకి, భుజాలు సమంగా, చిన్న అడుగులు. నీళ్ల డబ్బాతో తూకం గొడవ లేదు. లీటరుకు కిలో. 20 లీటర్ల డబ్బాలో సగం పోస్తే పది కిలోలు, వారం వారం ఒక్కో లీటరు పెంచుకుంటూ పోవచ్చు. పైసా ఖర్చు లేదు.

ఎంత బరువు? ఎనిమిది నుంచి పన్నెండుసార్లు ఎత్తగలిగినంత. చివరి రెండుసార్లు కష్టమనిపించాలి, కానీ తీరు చెడకూడదు. తీరు చెడిందంటే ఆ వరస అక్కడికి అయిపోయినట్టే, లెక్క పది కాకపోయినా సరే.

తలమీద గంప

కెన్యాలో లువో తెగ మహిళలు తలమీద, కికూయు తెగ మహిళలు నుదుటికి తగిలించిన పట్టీతో తమ ఒంటి బరువులో ఐదో వంతు దాకా మోస్తూ నడిచినా అదనంగా శక్తి ఖర్చు కాలేదని 1986లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. యాభై కిలోల మనిషికి పది కిలోలన్నమాట. నడకలో వాళ్లు శక్తిని వృథా పోనివ్వకుండా మిగుల్చుకుంటారని తర్వాత తేలింది. చిన్నప్పటి నుంచీ మోసిన అలవాటుతో వచ్చిన నేర్పు అది. జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు విత్తనాల గంపలు తలకెత్తుకుని నిటారుగా నడిచే తీరు చూసినవాళ్లకు ఆ నేర్పు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ పది కిలోలు దాటాక ఖర్చు పెరుగుతూనే పోతుంది, మెడ మీద భారమూ పెరుగుతుంది. గంప తలకెత్తేటప్పుడు ఇంకొకరు చెయ్యి వేయడం మన ఊళ్ల మర్యాద. ఆ మర్యాదే మెడల్ని కాపాడుతోంది.

తొంభై ఏళ్లకు కండ వస్తుందా?

వస్తుంది. 1990లో అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో వచ్చిన ఒక అధ్యయనం నాకు చాలా ఇష్టం. వృద్ధాశ్రమంలో ఉండే, సగటున తొంభై ఏళ్ల వయసున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకు గట్టి బరువుల కసరత్తు చేయించారు. చివరిదాకా చేసినవాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే రెండున్నర రెట్లు దాటింది. నడక వేగమూ పెరిగింది. "ఈ వయసుల నాకెందుకు బిడ్డా" అనే అమ్మమ్మలకు, తాతలకు ఇది చదివి వినిపించండి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఒక చిన్న పరీక్ష పెట్టొచ్చు. చేతులు ఛాతీకి కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పెట్టిన హద్దు ప్రకారం 12 సెకన్లు, అంతకు మించి పడితే కండబలం తగ్గుతోందని అనుమానించాలి. పక్కన ఒకరు నిలబడి చేయించండి. కుర్చీ గోడకు ఆనించి పెట్టండి, జారే ప్లాస్టిక్ కుర్చీ వద్దు.

పిడికిలి పట్టుకూ ఆయుష్షుకూ కూడా సంబంధం కనబడింది. మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు లక్షా 40 వేల మంది పట్టు కొలిచి, తర్వాతి సంవత్సరాల్లో వాళ్లేమయ్యారో చూశారు. 2015లో లాన్సెట్‌లో వచ్చిన ఆ లెక్కల్లో పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణాల ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. పట్టు పెరిగినంత మాత్రాన ఆయుష్షు పెరుగుతుందని దీనర్థం కాదు. ఒంట్లో ఉన్న మొత్తం బలానికి పిడికిలి గుర్తు.

ఊపిరి బిగబడితే

1985లో కెనడాలో ఐదుగురు బాడీబిల్డర్ల రక్తనాళంలో గొట్టం పెట్టి, రెండు కాళ్లతో భారీ బరువు తోస్తున్నప్పుడు రక్తపోటు కొలిచారు. సగటున 320/250. ఒకరిలో 480/350 దాటింది. కండలు బిగుసుకుని రక్తనాళాల్ని నొక్కడం, ఊపిరి బిగబట్టడం రెండూ కలిసి చేసిన పని అది. ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకు క్షణంలో దిగిపోతుంది. బీపీ ఉన్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు డాక్టరును అడిగి, తేలిక బరువులతో, ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతూ, దించేటప్పుడు పీలుస్తూ చేయాలి. మూలుగు వచ్చేంత బరువు వాళ్లకు వద్దు.

ఒక్కరోజే వందల గుంజీలు

అలవాటు లేని ఒంటితో ఒకేరోజు వందల గుంజీలు తీస్తే కండ కణాలు పగిలి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీయొచ్చు. దీన్ని రాబ్డోమయాలిసిస్ అంటారు. ఎండాకాలం, నీళ్లు తక్కువ తాగినప్పుడు ముప్పు ఇంకా ఎక్కువ. కండలు వాచి, భరించలేని నొప్పి వచ్చి, మూత్రం డికాషన్ రంగులోకి మారితే ఇంటి వైద్యం చేసుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పోవాలి. పిల్లలకు గుంజీలు శిక్షగా వేసే పెద్దలంతా ఇది తెలుసుకోవాలని నా మనవి. పందేలు కట్టే కుర్రాళ్లు కూడా.

పిల్లలు బరువులెత్తితే పొట్టిగా ఉండిపోతారన్న మాటకు మాత్రం ఆధారం లేదు. పక్కన తెలిసినవాళ్లుండి సరైన తీరులో చేయిస్తే ఎదుగుదలకు హాని లేదనే పిల్లల వైద్యుల మాట. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు వారంలో మూడు రోజులైనా కండకూ ఎముకకూ బలమిచ్చే ఆటలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చెట్టెక్కడం, కబడ్డీ, తాడాట అన్నీ లెక్కలోకి వస్తాయి.

డబ్బా పొడి కావాలా?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజుకు ఒంటి బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. జహీరాబాద్ ప్రాంతంలో దొరికేవాటితోనే లెక్క చూద్దాం. 200 గ్రాముల జొన్నపిండి రొట్టెల్లో 20 గ్రాములు. 75 గ్రాముల కందిపప్పులో 16. ఒక గుడ్డులో ఆరున్నర. పెద్ద గ్లాసు పాలలో ఎనిమిది. లెక్క సరిపోయింది. గట్టిగా కసరత్తు చేసేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ కావాలి, అది ఇంకో గుడ్డు, గుప్పెడు పల్లీలతో తీరుతుంది. కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడొద్దని ఆ సంస్థే 2024 ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. జొన్న చేలో కంది సాళ్లు వేసే పద్ధతి ఉంది కదా, తిండిలోనూ ఆ జోడీ అంతే మంచిది. జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ కందిపప్పులో బాగా ఉంటుంది.

ఎవరైనా జిమ్‌లో "త్వరగా వస్తది" అని సూది గానీ పేరులేని మాత్ర గానీ ఇవ్వబోతే తీసుకోకండి. స్టెరాయిడ్లు గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీస్తాయి, సంతానం కలిగే శక్తినీ తగ్గిస్తాయి.

నర్తనశాల భీముడు

బరువుల సాధన, మెల్లగా పెంచుకుంటూ పోయే పద్ధతి మనకు కొత్తవేమీ కావు. 1963లో వచ్చిన 'నర్తనశాల'లో భీముడి వేషం వేసిన దండమూడి రాజగోపాలరావు నిజజీవితంలో వెయిట్‌లిఫ్టర్. విజయవాడలోని ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఇక ఉత్తర తెలంగాణ, కర్ణాటక సరిహద్దు ఊళ్ల జాతరల్లో కుస్తీ పోటీలు కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగుస్తాయి. కొబ్బరికాయ కోసం పట్టేది చిన్నపిల్లలు, కడియం కోసం పట్టేది పేరున్న పహిల్వాన్లు. చిన్న పట్టుతో మొదలుపెట్టి పెద్ద పట్టుకు పోవడం ఆ మట్టిలోనే ఉంది.

ఒంటరిగా చేసేటప్పుడు

పోటీల్లో వాడే ఖాళీ బార్ బరువే మగవాళ్లకు 20, ఆడవాళ్లకు 15 కిలోలు. ప్లేట్లు లెక్కపెట్టి బార్‌ను మరిచిపోయేవాళ్లు చాలామంది. బెంచ్ మీద పడుకుని బార్ తోసేటప్పుడు పక్కన మనిషి ఉండాలి. లేకపోతే అడ్డు కడ్డీలున్న చట్రంలోనే చేయాలి. బొటనవేలు బార్ చుట్టూ తిప్పి పట్టుకోవాలి, అన్ని వేళ్లూ ఒకే వైపుంటే బార్ జారి ఛాతీ మీదో మెడ మీదో పడొచ్చు. హవాయి చెప్పులతో బరువెత్తొద్దు.

నడుం పట్టేస్తే

పడక వేసేయడం పాత పద్ధతి. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి నగర ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనంలో, రెండు రోజులు పడుకున్నవాళ్లకన్నా, నొప్పి ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకున్నవాళ్లే త్వరగా కోలుకున్నారు. కాబట్టి బరువులు ఆపండి, నడక ఆపకండి. ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అయితే రెండు కాళ్లలో సత్తువ పోతున్నా, కూర్చుంటే ఆనే చోట మొద్దుబారినా, మూత్రం రాకపోయినా లేక తెలియకుండా పోతున్నా అది మామూలు నడుం నొప్పి కాదు. నరాల కట్ట నలుగుతోందని గుర్తు. నాటువైద్యం, మాలీషు, తెల్లారాక చూద్దామనే వాయిదా ఏవీ వద్దు. అదే రోజు, రాత్రయినా సరే, ఎమ్మారై తీసి ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రికి పోవాలి. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు, బీదర్ ఇంకా దగ్గర.